దయచేసి సినిమాల్లో పాత్రలు పెట్టకండి

తెలుగు సినిమా నిర్మాతలకు, దర్శకులకు కుటుంబాల క్షేమం కోరే ఒక ప్రేక్షకుడి మనవి. సినిమాలో హీరోని పెట్టండి. హీరోయిన్ని పెట్టండి. బడ్జెట్ ఉంటే ఇద్దరిద్దరిని పెట్టండి. పాత్రల్ని మాత్రం పెట్టకండి. పచ్చటి సంసారాల్లో చిచ్చు పెట్టడానికి పాత్రలున్న సినిమా ఒక్కటి చాలు.

హీరో సినిమాతో ఎంత సుఖమో చూడండి. అభిప్రాయం కోసం సినిమా చూడక్కర్లేదు. అసలు విడుదలే కానక్కర్లేదు. టైటిల్ చెప్పిన రోజే సగం మందికి బ్లాక్‌బస్టర్, మిగతా సగానికి డిజాస్టర్. బెనిఫిట్ షో నాటికి బుర్రకి పనేమీ మిగలదు, కాగితాలు చింపి ఎగరెయ్యడమే. పాత్రల సినిమాకి ఆ సదుపాయం లేదు. టికెట్ కొనాలి, రెండున్నర గంటలు కూర్చోవాలి, బయటికొచ్చాక అభిప్రాయం కూడా ఎవరిది వాళ్ళే వండుకోవాలి. డబ్బిచ్చి మరీ ఈ చాకిరీ ఎందుకు?

ఊరికే అనడం లేదు, అనుభవం మీద చెబుతున్నాను. కనుమ నాడు తణుకులో మా పెద్దనాన్నగారింట్లో పద్నాలుగు మందిమి పోగయ్యాం. భోజనాలయ్యాయి. అరిసెల పళ్ళెం మధ్యలో ఉంది. ఆ శుభ సమయంలో టీవీలో 'కేరాఫ్ కంచరపాలెం' పెట్టింది నేనే. ఒప్పుకుంటున్నాను.

2018 సెప్టెంబరు 7న వచ్చిన ఈ సినిమా వెంకటేష్ మహాకి మొదటిది. నిర్మాత పరుచూరి ప్రవీణ అమెరికాలో గుండె డాక్టరు, సలీమా వేషం కూడా ఆవిడే వేశారు. నటుల్లో చాలామంది విశాఖ కంచరపాలెం జనమే, కెమెరాకి కొత్తవాళ్ళు. ఇక్కడే కుట్ర మొదలైంది. తెలిసిన నటుడైతే ముఖం కనిపించగానే మంచివాడో విలనో తేల్చేసి అరిసె అందుకోవచ్చు. వీళ్ళని చూస్తే ఏమీ తెలియదు. చచ్చినట్టు కథ చూడాలి.

కథ కూడా ఒకటి కాదు, నాలుగు. బడిపిల్లాడు సుందరానికి సునీత అంటే ఇష్టం. జోసెఫ్‌కి భార్గవి. బ్రాందీ షాపులో పనిచేసే, అందరూ గడ్డం అని పిలిచే అతనికి, రోజూ మందు కొనడానికొచ్చే సలీమా కళ్ళు. నలభై తొమ్మిదేళ్ళొచ్చినా పెళ్ళికాని అటెండరు రాజుకి, పైఅధికారిగా వచ్చిన రాధ. చివరికి తేలేదేమిటంటే ఆ నలుగురు మగవాళ్ళూ ఒక్కడే. (ఇన్నేళ్ళుగా చూడనివాళ్ళు ఇప్పుడు నన్ను తిట్టకూడదు.)

గొడవ అంతకుముందే మొదలైంది. మా పెద్దనాన్న రెవెన్యూలో ముప్ఫై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యారు. రాజు, రాధ కబుర్లు చెప్పుకుంటుంటే ఆయనకి ఊపిరాడలేదు. "అటెండరు ఆఫీసరు ఎదురుగా అలా కూర్చుంటాడా? కాండక్ట్ రూల్సని ఉంటాయి, డైరెక్టరుకి తెలియవా?" అన్నారు. ప్రేమ గురించి ఆయనకి అభ్యంతరం లేదు. ఆఫీసు టైములో జరుగుతోందన్నదే బాధ.

కంచరపాలెం పక్కనే ఉన్న మర్రిపాలెం నుంచి వచ్చిన మా పిన్ని కథ చూడలేదు, వెనకాల గోడలు చూసింది. "ఇది ఐటీఐ జంక్షన్ దగ్గర సందు కాదూ? ఈయన్ని రైతుబజార్లో చూశానర్రా!" తెరమీద ఎవరు ఏడుస్తున్నా ఆవిడకి రైతుబజారే. మా తమ్ముడు ఫోన్లోంచి తలెత్తకుండానే ఫస్టాఫ్ ల్యాగ్ అన్నాడు, సెకండాఫ్ రాకముందే రెండు ముప్పావు స్టార్లిచ్చాడు. ఆ పావు ఎందుకు తగ్గిందని అడిగితే, అలాగే ఇస్తారన్నాడు.

అసలు ముప్పు భార్గవి వల్ల వచ్చింది. తండ్రి బెదిరింపుకి లొంగి ఆ అమ్మాయి వేరే పెళ్ళి చేసుకుంటుంది. "కన్నవాళ్ళ మాట నిలబెట్టింది, బంగారుతల్లి" అంది మా పెద్దమ్మ. "పిరికిది" అంది మా వదిన. మామూలుగా అత్తగారి మాటకి ఎదురుచెప్పే మనిషి కాదు. ఆ ఒక్క ముక్క అనేటప్పుడు మా అన్నయ్య వైపు చూడలేదు. మేమందరం అన్నయ్య వైపే చూశాం. ఆ తర్వాత 1999 నాటి సంగతి ఒకటి హాల్లోకి వచ్చింది. కుటుంబ గౌరవం దృష్ట్యా వివరాలు రాయను. అరిసెల పళ్ళెం లోపలికి వెళ్ళిపోయిందని మాత్రం చెప్పగలను.

సినిమా అయ్యాక హైదరాబాదు బావ గ్యాస్ రసీదు తిరగేసి లెక్క మొదలెట్టాడు. 2018కి 49 అంటే పుట్టింది 1969. సుందరం బడికెళ్ళింది 1980 ప్రాంతం. జోసెఫ్‌కి ఇరవై వేసుకుంటే 1989. గడ్డానికి ముప్ఫై మూడేసుకుంటే 2002. "అన్ని కథలూ ఒకే ఏడాది జరిగినట్టుంటే ఎలా? కాలం తేడా ఏదీ?" అని నిలదీశాడు, డైరెక్టరు నేనే అయినట్టు. తెలిస్తే చివరి మలుపు ముందే బయటపడిపోతుంది కదా బావా అన్నాను. తను ఇంటర్వెల్‌కే కనిపెట్టేశానన్నాడు. ఇంటర్వెల్‌లో పెరట్లో ఫోన్ మాట్లాడుతూ ఉన్న మనిషి.

ఇక లాభం లేదని పెద్దనాన్న ఛానల్ మార్పించారు. హీరో వచ్చాడు. ఒక్క తన్నుకి ఆరుగురు గాల్లోకి లేచారు, జీపు కూడా లేచింది. కాలం తేడా అడిగిన మా బావ దీనికి కారణం అడగలేదు. వదిన కాఫీ తెచ్చి ముందు అత్తగారికే ఇచ్చింది. అరగంటకి ఎనిమిది మంది నిద్రపోయారు. ఇదీ సినిమా అంటే.

అందుకే ప్రభుత్వానికి నా సూచన. సినిమాకి ముందు పొగాకు హెచ్చరిక వేస్తున్నారు కదా, దాని పక్కనే 'ఈ చిత్రంలో పాత్రలున్నవి, కుటుంబంతో కలిసి చూడటం హానికరం' అని కూడా వెయ్యాలి. 'క్లాస్ ప్రేక్షకులకు నచ్చుతుంది' అని రాసే సమీక్షకులకి ఈ సంగతి తెలిసే ఉంటుంది. వాళ్ళు మర్యాదస్తులు, గుట్టుగా చెబుతారు.

ఇక్కడితో ముగించాల్సింది. కానీ రాత్రి పదకొండింటికి పెద్దనాన్న తట్టి లేపారు. బీపీ అనుకుని కంగారుగా లేచాను.

"ఒరే, బావ లెక్క రాసిన రసీదు ఏదిరా?"

దిండు కింద నుంచి తీసిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని లైటు కింద చాలాసేపు చూశారు.

"ఆ రాజు రాధని చేసుకున్నాడు కదా. సర్వీసు రిజిస్టర్లో భార్య పేరు ఎక్కించుకున్నాడో లేదో. వెర్రిబాగులవాడిలా ఉన్నాడు, ఆఫీసులో ఎవరూ చెప్పి ఉండరు. రేపు ఫ్యామిలీ పెన్షన్ దగ్గర ఆ అమ్మాయి ఇబ్బంది పడుతుంది."

"ఆవిడ ఆఫీసరు కదా పెద్దనాన్నా."

"ఆవిడ జీతం ఆవిడది, ఇది వేరు. అది కాదు నా బెంగ. 2004 సెప్టెంబరు ఒకటి నుంచి ఇటు ఉద్యోగంలో చేరుంటే సీపీఎస్ అనే కొత్త పెన్షన్ పద్ధతిలో పడిపోతాడు, పాత పెన్షన్ రాదు." రసీదు మీద 2002 దగ్గర వేలు పెట్టారు. "ఆ బ్రాందీ షాపు మానేసింది ఏ సంవత్సరమంటావ్?"