అమ్మ పైకి పోతోంది

నిన్న తెల్లవారుజామున అమ్మను శంషాబాద్‌లో విమానం ఎక్కించాం. దుబాయ్‌లో మారి శాన్‌ఫ్రాన్సిస్కో. అక్కడ చెల్లికి పురుడు.

ఊరుకుంటే పోయేది. గోడ మీది ప్రపంచ పటానికి స్కేలు ఆనించి, దుబాయ్ నుంచి పడమరగా ఈజిప్టు, మొరాకో, అట్లాంటిక్ అంటూ గీత లాగి, "దాదాపు 17 వేల కిలోమీటర్లు బావగారూ!" అన్నాను. ఎనిమిదో తరగతి మేనకోడలు "13 వేలే మావయ్యా" అంది. పెద్దవాళ్ల మధ్య నీకేంటే అన్నాను.

సాయంత్రం ఆరింటికి ఫోన్లో చూస్తే విమానం అట్లాంటిక్ మీద లేదు. రష్యా కూడా దాటేసి, మ్యాపు పై అంచుకి బల్లిలా అతుక్కుపోయి ఉంది. ఆ పైన మ్యాపే లేదు!

కస్టమర్ కేర్‌కి చేశాను. తెలుగు కోసం నాలుగు నొక్కమన్నారు. నొక్కితే హిందీ వచ్చింది. ఇరవై మూడు నిమిషాలు వీణ వినిపించారు. మా ఇంట్లో సిగ్నల్ బాల్కనీలోనే ఉంటుంది కాబట్టి ఈ కచేరీ అంతా బాల్కనీలోనే. చివరికి ఓ అమ్మాయి పలికేసరికి పట్టలేక అరిచేశాను.

"మా అమ్మ పైకి పోతోందండీ!"

"అయ్యో... ఎప్పుడు సార్?"

"పొద్దున పదింటికి బయల్దేరింది. ఇప్పుడు పూర్తిగా పైకి పోయింది, కనపడటం లేదు!"

ఉత్తరాన్ని 'పైన' అని నేర్పిన మా సోషల్ మాస్టారిదే ఈ పాపం. ఆఫ్రికాలో పద్నాలుగో వంతు లేని గ్రీన్‌లాండ్‌ని ఆఫ్రికా అంత చూపించే ఆ పటాన్నీ కాస్త అనాలి. కింద తులసికోట దగ్గర దీపం పెడుతున్న పిన్నిగారికి ఈ సంగతులేం తెలుసు? చెంగు నోట్లో కుక్కుకుంటూ మెట్లెక్కి వచ్చేశారు.

"మొన్ననే గోంగూర పచ్చడి కట్టిచ్చాను నాయనా. ఒక్క ముద్దయినా తిన్నారో లేదో!"

ఆవిడ వెనకాల మూడో అంతస్తు వాళ్లు, వాళ్ల వెనకాల వాచ్‌మన్. ఫోన్లో ఆ అమ్మాయి "విమానాలు పైకే పోతాయి సార్, ఇంకేమైనా సహాయం కావాలా" అని పెట్టేసింది.

మేనకోడలు గ్లోబూ దారమూ పట్టుకొచ్చింది. దుబాయ్ మీద ఓ కొస, శాన్‌ఫ్రాన్సిస్కో మీద ఓ కొస పెట్టి బిగించి లాగితే, దారం దాదాపు ఉత్తర ధ్రువం మీదుగా పోయింది. రెండు ఊళ్లూ భూమికి చెరో వైపున ఉన్నాయట, అడ్డంగా చుట్టి పోవడం కంటే నెత్తి మీదుగా దాటడమే దగ్గరట. 13 వేలు. పిల్ల ఒక్క మాట అనలేదు. బావగారు మాత్రం స్కేలు తెచ్చి నా చేతికిచ్చారు.

రాత్రి రెండింటికి అమ్మ ఫోన్.

"దిగానురా. మన ఫ్యామిలీ గ్రూపులో నా ఫొటోకి దండేశారేంట్రా? వేస్తే వేశారు, ఆ ఆధార్ కార్డు ఫొటోనా దొరికింది?"

ఖమ్మం నుంచి పెద్దనాన్న బస్సెక్కారట. సూర్యాపేట దాటేశారు.