శాలివాహనుడి బంగారు నాణేల సందేశానికి జవాబు

శాలివాహనుడు నాగరాజు కుమారుడనీ, మట్టి బొమ్మలకు ప్రాణం పోసి విక్రమాదిత్యుణ్ణి ఓడించి క్రీ.శ. 78లో శకం స్థాపించాడనీ, శకులను జయించిన ఆయన వంశం తెలుగు అక్షరాలతో బంగారు నాణేలు వేయించిందనీ, అవి నేటికీ మన పొలాల్లో ఉన్నాయి గనుక తవ్వితే లక్షలు వస్తాయనీ చెప్పే సందేశాన్ని చదువుకున్న మిత్రులే పదే పదే పంపుతుంటే ఊరుకోవడం నా వల్ల కావడం లేదు.

మట్టి బొమ్మల సైన్యం మహారాష్ట్రలోని పైఠణ్ చుట్టూ అల్లుకున్న గాథ. గాథగా చెప్పుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. విక్రమ శకం క్రీ.పూ. 57లో మొదలవుతుంది. 135 ఏళ్ల తరువాత శకం స్థాపించినవాడు ఆ విక్రముణ్ణి యుద్ధంలో ఎలా ఓడించాడో పంపినవారే చెప్పాలి. పైగా శాలివాహనుడి వంశంగా చెప్పుకునే శాతవాహనుల విషయానికొస్తే, నాసిక్‌లో గౌతమీపుత్ర శాతకర్ణి తల్లి గౌతమీ బాలశ్రీ వేయించిన శాసనం ఆమె మనవడు పులుమావి రాజు 19వ పాలనా సంవత్సరాన్ని పేర్కొంటుందే తప్ప ఏ శకాన్నీ చెప్పదు. తమ వంశం స్థాపించిన శకాన్ని సొంత శాసనంలోనే వాడుకోరా? దాన్ని వాడింది వారి శత్రువులు, పశ్చిమ భారతాన్ని ఏలిన శక పాలకులైన పశ్చిమ క్షత్రపులు. శాలివాహనుడి పేరు దానికి చేరింది ఎన్నో శతాబ్దాల తరువాత.

శకులను జయించారన్న మాట మాత్రం నిజం. 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తంబిలో క్షత్రప రాజు నహపానుడి వెండి నాణేలు 13 వేలకు పైగా ఒకేచోట బయటపడ్డాయి. వాటిలో తొమ్మిది వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రలు కొట్టించాడు. ఆ రాశి చెదరకుండా చేతికందింది కాబట్టే ఆ విజయానికి ఇంత గట్టి ఆధారం మిగిలింది. తెలంగాణలోని కోటిలింగాలలో దొరికిన, తొలి శాతవాహన రాజు సిముకుడి నాణేలు కూడా అక్కడివని తెలియబట్టే, తొలి శాతవాహనులకు గోదావరి తీర తెలంగాణతో ఉన్న సంబంధం గురించి మాట్లాడగలుగుతున్నాం. అవే నాణేలు ఎవరో రాత్రిపూట తవ్వి అంగట్లో అమ్ముకుని ఉంటే, ఊరూ పేరూ లేని సీసపు ముక్కలుగా మిగిలేవి.

అవును, సీసమే. శాతవాహనులు ఎక్కువగా వేయించినవి సీసం, రాగి, పోటిన్ అనే మిశ్రలోహపు నాణేలు. రాజు ముఖం ఉన్న వెండి నాణేలు కొన్ని. లిపి బ్రాహ్మి, భాష ప్రధానంగా ప్రాకృతం. ఆ వెండి నాణేల వెనుక వైపున ద్రావిడ భాషలో రాత ఉండడం మనం గర్వించదగిన విషయమే గాని, అది నేటి తెలుగు లిపి కాదు.

లేని బంగారం కోసం ఉన్న చరిత్రను తవ్విపోయమని చెప్పే ఆ చివరి వాక్యాన్ని దయచేసి ఇంకెవరికీ పంపకండి. నేలలో దొరికిన పాత నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది. దాచి అమ్ముకోవడం నేరం.