టమాటా ఆకు మీద తెల్ల గీతలు వైరస్ కాదు, దయచేసి మొక్కలు పీకేయకండి

బెంగళూరులో మన తెలుగువాళ్ల మిద్దెతోట గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. ఆకుల మీద పాములా వంకర గీతలు వస్తే అది వైరస్ అంట, ఆ కాయలు విషమంట, నిమ్మతో సహా తోటంతా పాకుద్దంట, వెంటనే పీకేసి మిగతావాటికి మూడ్రోజులకోసారి గట్టి మందు కొట్టాలంట. ఇది నమ్మి మా అపార్ట్‌మెంట్‌లో ఒక అక్క పూత మీదున్న నాలుగు చిక్కుడు తీగలు పీకేశారు, చూసి ప్రాణం ఉసూరుమంది.

అది వైరస్ కాదండీ, లీఫ్ మైనర్ అనే ఈగ పిల్ల చేసే పని. తల్లి ఈగ రెండు మిల్లీమీటర్లు ఉంటుందేమో, నలుపు పసుపు రంగు, ఆకుని గుచ్చి లోపల గుడ్డు పెడుతుంది, పిల్ల పురుగు పై పొరకీ కింద పొరకీ మధ్య పచ్చదనం తింటూ పోతుంది, అది పెరిగేకొద్దీ గీత కూడా లావవుతుంది. ఆకు కోసి వెలుతురుకి పట్టి చూడండి, గీత లావుగా ఉన్న చివర పసుపచ్చటి పురుగు కనిపిస్తుంది. కాయ జోలికే పోదు, ఇంక విషం ఎక్కడిది? కడుక్కుని తినండి.

అన్ని మొక్కలకీ పాకుద్దనేది సగమే నిజం. టమాటా, చిక్కుడు, దోస, ఆముదం, చామంతి, జెర్బెరా, వీటిమీద దానికి బాగా ఇష్టం. నిమ్మాకు మీద గీతలు గీసేది ఈగే కాదు, వేరే చిన్న రెక్కల పురుగు పిల్ల, టమాటా నుంచి నిమ్మకి పాకిందని భయపడక్కర్లేదు.

అన్నిటికంటే ప్రమాదం ఆ గట్టి మందు సలహా. పురుగు ఆకు లోపల ఉంటే పైన కొట్టిన చాలా మందులు దాన్ని తాకనే తాకవు, పైగా ఆ పురుగులో గుడ్లు పెట్టి దాన్ని చంపే చిన్న చిన్న కందిరీగలుంటాయి, చచ్చేది అవి. నేనూ రెండేళ్ల క్రితం కొట్టాను, పదిహేను రోజులకి ముందుకంటే ఎక్కువ గీతలొచ్చాయి. ఇప్పుడు గీతలున్న కింది ఆకులు తుంచి కవర్లో కట్టి ఎండలో పడేస్తాను (కంపోస్టులో వద్దు, ప్యూపాలు, అంటే పురుగు ఈగగా మారే ముందు దశలోని గూళ్లు, మట్టిలోనే ఈగలవుతాయి), మరీ ఎక్కువైతే హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ వాళ్ల వేపసబ్బు నీళ్లలో కలిపి కొడతాను. లేత నారుకి మాత్రం వస్తే అశ్రద్ధ చేయొద్దు, ఆకులే నాలుగుంటాయి కదా.

ఒక్కటి మాత్రం చూసుకోండి, టమాటాలో సన్న గీత కాకుండా వెడల్పు మచ్చలొచ్చి కాయకి బొక్కలు పడితే అది టూటా, 2014లో మన దేశంలో బయటపడిన వేరే పురుగు, ఆ కాయలు ఏరి పారేయాల్సిందే.