కొటేషన్ కింద అడ్డగీతకి ఒక బహిరంగ లేఖ

అడ్డగీత గారికి,

నమస్కారం. చూడ్డానికి వెంట్రుకంత ఉంటారు గానీ మీరు చేసే పని మామూలుది కాదండీ. పైన ఎవరు రాశారో తెలియని ఒక వాక్యం, కింద ఐన్‌స్టీన్ పేరు, ఆ పేరు ముందు మీరు. అంతే, ఇక సాక్ష్యం అడిగేవాడు ఉండడు, పక్కన ఆ చెదిరిన జుట్టు ఫోటో కూడా పడిందంటే తీర్పు వచ్చేసినట్టే.

తేనెటీగలు పోతే మనిషికి నాలుగేళ్లే బతుకు అన్న మాట ఉంది కదా. 1994లో బ్రస్సెల్స్‌లో తేనెటీగల పెంపకందారులు నిరసన చేస్తూ పంచిన కరపత్రంలో అది ఐన్‌స్టీన్ పేరుతో కనిపించింది. ఆయన 1955లోనే పోయారు. బతికుండగా ఆ మాట అన్నట్టు ఒక ఉత్తరం గానీ ప్రసంగం గానీ ఇంతవరకూ దొరకలేదు.

చేసిందే మళ్లీ మళ్లీ చేస్తూ వేరే ఫలితం ఆశించడం పిచ్చితనం అన్నదీ అంతే. 1980ల మొదట్లో, వ్యసనాలు మానాలనుకునేవాళ్లు నడుపుకునే సంఘాల్లో తిరిగిన మాట అది. అక్కడ ఎవరూ పూర్తి పేరు చెప్పుకోరు, కాబట్టి ఈ వాక్యం నాదే అని మీ మీదికి గొడవకొచ్చేవాడు కూడా లేడు. భలే చోటు చూసుకున్నారు! పాపం విలియం బ్రూస్ కామెరాన్‌కి పేరుండి కూడా లాభం లేకపోయింది. లెక్కపెట్టగలిగినవన్నీ లెక్కలోకి రావు, లెక్కలోకి వచ్చేవన్నీ లెక్కపెట్టలేం అని ఆ సోషియాలజీ ప్రొఫెసర్ 1963లో తన పుస్తకంలో రాసుకుంటే, అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు తీసుకెళ్లి ఐన్‌స్టీన్ ఖాతాలో వేశారు.

"ఎవరంటే ఏంటి, మాట మంచిదే కదా" అని మీ తరఫున వాదించేవాళ్లున్నారు. సరే, అయితే పేరు తీసేసి పంపమనండి. పంపరు, ఎందుకంటే వాళ్లు ఫార్వర్డ్ చేసేది ఆ మాటని కాదు, ఆ పేరుని.

నిజంగా ఆయన అన్నవి లేవా అంటే, బోలెడున్నాయి. దేవుడు పాచికలాడడన్న మాట 1926 డిసెంబర్ 4న తోటి భౌతిక శాస్త్రవేత్త మాక్స్ బోర్న్‌కి రాసిన ఉత్తరంలోది. పరమాణువుల లోపల జరిగేదాన్ని అవకాశాల లెక్కతో చెప్పే క్వాంటం మెకానిక్స్ చాలానే చెబుతోంది గానీ అసలు రహస్యానికి మనల్ని దగ్గర చెయ్యట్లేదు అని గొణుగుతూ అన్న మాట అది, మీరేమో ఆ గొణుగుడంతా కత్తిరించి భక్తి సూక్తి చేసిపెట్టారు. జ్ఞానం కంటే ఊహ ముఖ్యం అన్నది 1929లో ఒక పత్రికకిచ్చిన ఇంటర్వ్యూలోది. ఎవరితో అన్నారు, ఎప్పుడు, ఎందులో అచ్చయింది, ఈ మూడూ అడిగితే మీ సరుకులో సగం అక్కడే రాలిపోతుంది. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ ప్రెస్ వాళ్లు ఐన్‌స్టీన్ మాటల్ని సంకలనం చేస్తూ, ఆయన అన్నారని జనం చెప్పుకునే మాటలకి విడిగా ఒక భాగం కేటాయించాల్సి వచ్చింది, మీ కృషికి అంతకంటే గుర్తింపు ఏం కావాలి?

ఇప్పుడు చక్రవడ్డీ ప్రపంచంలో ఎనిమిదో వింత అంటూ పొదుపు పథకాల ప్రకటనల్లో తిరుగుతున్నారు. ఆ మాట ఆయన ఏ ఉత్తరంలో రాశారో చెప్పండి, డబ్బు పెట్టే సంగతి తర్వాత చూద్దాం.

ఇట్లు,
ఫార్వర్డ్ నొక్కని ఒక పాఠకుడు