క్వాంటమ్ కీ: దూరం సరే, తప్పుల శాతం ఎంత?

2025 జూన్‌లో డీఆర్‌డీఓ, ఐఐటీ ఢిల్లీ ఎంటాంగిల్డ్ ఫోటాన్లను (కొలత ఫలితాలు ఒకదానితో ఒకటి ముడిపడిన కాంతి కణాల జంటలను) గాలిలో కిలోమీటరుకు పైగా పంపి, సందేశాలకు తాళం వేసే రహస్య కీ తయారుచేశాయి. అందరి కళ్లూ ఆ కిలోమీటరు మీదే పడ్డాయి. చదవాల్సిన అంకెలు వేరే ఉన్నాయి: కీ వేగం సెకనుకు సుమారు 240 బిట్లు, తప్పులు, అంటే రెండు చివర్లా సరిపోలని బిట్లు, 7 శాతం లోపు.

మామూలు ప్రోటోకాల్‌లో తప్పులు దాదాపు 11 శాతం దాటితే కీ మిగలదు. పరికరం చేసిన తప్పేదో, చాటుగా వింటున్నవాడి వల్ల వచ్చినదేదో తేలదు. అందుకే ప్రతి తప్పునూ దొంగ ఖాతాలోనే రాయాలి.

తప్పులు మొదట పుట్టేది లెక్కింపులో. 405 నానోమీటర్ల లేజర్‌ను పీపీకేటీపీ అనే ప్రత్యేక స్ఫటికంలోకి పంపితే, ఎప్పుడో ఒక ఫోటాన్ విడిపోయి 810 నానోమీటర్ల జంట పుడుతుంది. జంటలో ఒక్కోటి ఒక్కో చివరకు వెళ్తుంది. రెండు చివర్లా డిటెక్టర్లకు ఫోటాన్లు తగిలిన సమయాలు పోల్చి, ఒకే కాలవ్యవధిలో పడినవాటిని జంటగా తీసుకుంటారు. ఒక్కోవైపు సెకనుకు లక్ష నమోదులు, వ్యవధి 10 నానోసెకన్లు అనుకోండి. లక్షను లక్షతో, దాన్ని వ్యవధితో గుణిస్తే కాకతాళీయంగా కలిసిన ఉత్తుత్తి జంటలు సెకనుకు 100. అసలు జంటలు 200 ఉన్నా, ఉత్తుత్తివాటిలో సగం తప్పు బిట్లే కాబట్టి 300లో 50 పోతాయి. దాదాపు 17 శాతం. కీ లేనట్టే. వ్యవధిని 1 నానోసెకనుకు కుదిస్తే 210లో 5, అంటే 2.4 శాతమే.

కుదించడం అంత తేలిక కాదు. రెండు చివర్లా ఉన్న రుబీడియం పరమాణు గడియారాల మధ్య పదివేల కోట్లలో ఒక వంతు తేడా ఉన్నా 100 సెకన్లకు 1 నానోసెకను జారుతుంది. సమయ తేడాల గ్రాఫులో జంటల శిఖరం ఎటు కదులుతోందో చూస్తూ ఎప్పటికప్పుడు సరిదిద్దాలి. జంటలు చాలలేదని లేజర్ పవర్ పెంచడం మరీ తొందరపాటు: అసలు జంటలు రెట్టింపైతే ఉత్తుత్తివి నాలుగింతలు కావచ్చు.

తర్వాతిది ధ్రువణం, అంటే కాంతి తరంగం కంపించే దిశ. కీ బిట్లు దీన్ని కొలిస్తేనే వస్తాయి. నిలువు-అడ్డం కొలతలో 98 శాతం విజిబిలిటీ (రెండు వైపుల ఫలితాలు ఎంత పక్కాగా ముడిపడ్డాయో చెప్పే అంకె) వచ్చిందని సంబరపడితే సరిపోదు. ఎంటాంగిల్‌మెంట్ లేని ఉత్త మిశ్రమం కూడా అక్కడ అంతే చూపిస్తుంది. 45 డిగ్రీలకు తిప్పి కొలిస్తేనే బండారం బయటపడుతుంది. స్ఫటికం ఉష్ణోగ్రత మారి ఫేజ్ (తరంగాల మధ్య పొంతన) జారితే మొదట పడిపోయేదీ ఈ రెండో అంకే. ఇక స్తంభాలకు వేలాడే ఫైబర్‌లో ఎండకూ గాలికీ ధ్రువణం తిరుగుతుంది. 10 డిగ్రీలు తిరిగితే తప్పు 3 శాతం, 20 డిగ్రీలైతే దాదాపు 12.

ఎంటాంగిల్‌మెంట్ నిజంగా ఉందో లేదో తేల్చే బెల్ పరీక్షలో విలువ 2 దాటిందన్న ప్రకటన కూడా చాలదు. దానికి 71 శాతం విజిబిలిటీ చాలు, కానీ అప్పుడు తప్పులు 14 శాతం పైనే. కీ కావాలంటే 78 శాతం విజిబిలిటీ, అంటే సుమారు 2.2 దాటాలి. పైగా పరీక్షల్లో కొందరు కాకతాళీయ జంటలను తీసేసి విలువ చెబుతారు. భౌతికశాస్త్రంలో అది చెల్లుతుందేమో, కీ తయారీలో చెల్లదు. ఏ బిట్ ఉత్తుత్తి జంటదో ఎవరికీ తెలియదు మరి.

చైనా మిసియస్ ఉపగ్రహం 2020లో 1,120 కిలోమీటర్ల దూరానికి ఇచ్చిన కీ సెకనుకు 0.12 బిట్లు. 256 బిట్ల కీ ఒక్కదానికి 35 నిమిషాలకు పైగా లింకు నిలవాలి. మన జాతీయ క్వాంటమ్ మిషన్‌కు 2023లో రూ.6,003.65 కోట్లు కేటాయించి 2,000 కిలోమీటర్ల దూరానికి క్వాంటమ్ సమాచార లింకు లక్ష్యంగా పెట్టారు. ఆ ఫలితాలు వచ్చిన రోజు కాకతాళీయ జంటలు తీసేయని తప్పుల శాతం, పెట్టిన కాలవ్యవధి, రెండు దిశల విజిబిలిటీ, పట్టపగటి కీ వేగం కూడా ప్రకటనలోనే ఉండాలి.