బయటి నుంచి మద్దతు

మా పెద్దనాయనది ఖద్దరు కుటుంబం. పెద్దమ్మ పుట్టిల్లు ఎర్రజెండా. పెళ్ళయి నలభై ఏళ్ళయినా ఎవరి జెండా వాళ్ళదే. కొడుక్కి పేరు పెట్టడానికే పదకొండు రోజులు చర్చలు నడిచాయట. చివరికి జవహర్ లెనిన్ అని తేల్చారు. వాడు బెంగళూరులో ఎవరికైనా పేరు చెప్పాల్సొస్తే 'జె.ఎల్.' అని తప్పించుకుంటాడు.

అది 2006 ఫిబ్రవరి 1, రాత్రి ఏడున్నర. అనంతపురంలో వాళ్ళ ఇల్లు. మరునాడు నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా ఉపాధి హామీ పథకం మొదలు. పెద్దనాయన గంజి పెట్టిన చొక్కా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. పెద్దమ్మ సంకటి కెలుకుతోంది. నేను మధ్యలో శ్రోతని.

పెద్దనాయన: ఏమే, పొద్దున ఎనిమిదింటికల్లా తయారుగా ఉండు. జీపు వస్తుంది.

పెద్దమ్మ: ఎవరి జీపు?

పెద్దనాయన: మావాళ్ళదే.

పెద్దమ్మ: నేను కాంగ్రెస్ జీపు ఎక్కితే మా నాయన సమాధిలోంచి లేచొస్తాడు.

పెద్దనాయన: మీ నాయన పార్టీ ఢిల్లీలో మా భుజమ్మీద ఎక్కి కూర్చోలేదూ?

పెద్దమ్మ: ఎక్కి కూర్చోలేదు, మీరు కింద పడకుండా పట్టుకున్నారు. మీకొచ్చినవి 145 సీట్లు. మావాళ్ళు దాదాపు 60 మంది చెయ్యెత్తకపోతే మీ సర్దార్జీ ఆ కుర్చీలో కూర్చునేవాడా? మంత్రి పదవి ఒక్కటైనా అడిగారా? బయటి నుంచి మద్దతు!

పెద్దనాయన: బాగుంది. మంచి జరిగితే మీవల్ల, చెడు జరిగితే మావల్ల. సరే, నువ్వూ బయటి నుంచి మద్దతే ఇవ్వు. ముందు ఈ చొక్కా ఇస్త్రీ చెయ్.

పెద్దమ్మ: ఇస్త్రీ చేస్తే ప్రభుత్వంలో చేరినట్టే. నీళ్ళు చిలకరించి ఇస్తా. అంతవరకే.

(నిజంగానే చిలకరించి ఇచ్చింది. పెద్దనాయన చొక్కా కుర్చీకి తగిలించి, మళ్ళీ వంటింటి గడప దగ్గరికి వచ్చాడు.)

పెద్దనాయన: అసలు ఈ చట్టం ఎవరిది? సోనియమ్మది. మా మేనిఫెస్టోలో ఉంది.

పెద్దమ్మ: మేనిఫెస్టోలో ఉంది సరే. 2004 డిసెంబరులో పార్లమెంటులో పెట్టేసరికి ఏం చేశారు? దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకే అన్నారు. ఆ రేఖ గీసేదెవరు? మన ఊళ్ళో అది సర్పంచి బావమరిది దొడ్డిలోంచి పోతుంది. రెండు ట్రాక్టర్లున్నవాడు రేఖకు కింద, పూరి గుడిసెలో ఉన్నది పైన! మావాళ్ళు పట్టుబట్టారు కాబట్టే పల్లెలో ఎవరడిగినా పని ఇవ్వాలని మార్చారు.

పెద్దనాయన: మీవాళ్ళొక్కరేనా? ఆ మార్పు చెయ్యమన్న పార్లమెంటు స్థాయీ సంఘానికి పెద్ద ఎవరు? కల్యాణ్ సింగ్. ఏ పార్టీ?

పెద్దమ్మ: (గరిటె ఆగింది) బీజేపీ.

పెద్దనాయన: బిల్లును భుజానేసుకున్న మంత్రి?

పెద్దమ్మ: రఘువంశ ప్రసాద్ సింగ్.

పెద్దనాయన: ఆయనా మావాడు కాదు. లాలూ పార్టీ.

(ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. ఘనత మూడో పార్టీకి, నాలుగో పార్టీకి పోవడం ఆ ఇంట్లో ఎవరికీ మింగుడుపడే విషయం కాదు.)

పెద్దమ్మ: ఎవరు సంతకం పెడితేనేం, ఒత్తిడి మాది.

పెద్దనాయన: బండి మాది. ఇంకో రెండు మూడు నెలలు ఆగు, కేరళలో, బెంగాల్లో ఎన్నికలు. అప్పుడు చూడాలి మీ మద్దతు. గల్లీలో కుస్తీ, ఢిల్లీలో దోస్తీ!

పెద్దమ్మ: అనంతపురానికి అదేమైనా కొత్తా? 1952లో మా తరిమెల నాగిరెడ్డి జైల్లో ఉండి మీ నీలం సంజీవరెడ్డిని ఓడించలేదూ? సొంత బావని!

పెద్దనాయన: ఆ ఓడిన బావే తర్వాత రాష్ట్రపతి అయ్యాడు.

పెద్దమ్మ: నాగిరెడ్డి తోబుట్టువు చేతి కూడు తిని అయ్యాడు. అది మద్దతు కాదా?

(దీనికి పెద్దనాయన దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.)

పెద్దనాయన: ఏమైనా, చట్టం గట్టిది. ఏడాదికి వంద రోజులు పని. అడిగిన పదిహేను రోజుల్లో చూపించకపోతే నిరుద్యోగ భృతి. ఐదు కిలోమీటర్లు దాటితే పది శాతం ఎక్కువ కూలి. కాంట్రాక్టరు అనేవాడే ఉండకూడదు.

పెద్దమ్మ: అది మాత్రం బాగా రాశారు. మా పిన్ని కరువు పనికి పోయేది. పొద్దుగూకేదాకా కట్ట మీద మట్టి మోసేది. మగవాళ్ళకు ఒక లెక్క, ఆడవాళ్ళకు ఒక లెక్క. అదీ మేస్త్రీ తాగి మిగిలితేనే. ఒకసారి చీర కొంగులో ముడేసుకొచ్చింది చూసి మా అవ్వ, ఇది కూలా, తిరణాల చిల్లరా అంది. ఇప్పుడు ఆడామగా ఒకటే కూలి. పనుల్లో మూడో వంతు ఆడవాళ్ళకే.

పెద్దనాయన: అందుకే కదా రమ్మంటున్నా.

పెద్దమ్మ: వస్తాను. జీపులో కాదు. నార్పల బస్సులో.

పెద్దనాయన: టికెట్టు?

పెద్దమ్మ: నువ్వే కొనాలి. మద్దతు బయటి నుంచే గానీ, ఖర్చు ప్రభుత్వానిదే.

పెద్దనాయన: సరే తల్లీ. పొద్దున్నుంచి ఏం తోచి చావడం లేదు, అన్నమైనా పెట్టు.

పెద్దమ్మ: ఇదిగో, 'ఏం తోచడం లేదు' అనడం ఈ రోజుకు నాలుగోసారి. అంటే పని అడిగినట్టే. నోటిమాట దరఖాస్తూ చెల్లుతుంది. పని ఇస్తున్నా. సంకట్లోకి ఊరుబిండి నూరు.

పెద్దనాయన: మిక్సీ ఉంది కదే!

పెద్దమ్మ: చేత్తో అయ్యే పనికి యంత్రం వాడకూడదు. మీ చట్టమే.

పెద్దనాయన: పక్కింటి పిల్లోణ్ణి పిలిచి రెండు రూపాయలిస్తా, వాడు నూరతాడు.

పెద్దమ్మ: కాంట్రాక్టు నిషేధం.

పెద్దనాయన: అయితే పనిచోట నీడ ఉండాలి, తాగడానికి నీళ్ళుండాలి, ప్రథమ చికిత్స డబ్బా ఉండాలి!

పెద్దమ్మ: రాత్రిపూట నీడేమిటయ్యా? నీళ్ళు బిందెలో ఉన్నాయి. వేలు నలిగితే పసుపు ఉంది. సంక్రాంతికి కొళాయికి వాషరు వేయమన్నాను, ఈ రోజుకు పద్దెనిమిది రోజులు. దాని భృతి సంగతి కూడా తేలుద్దామా?

(పెద్దనాయన పంచె ఎగ్గట్టి రోటి ముందు చతికిలబడ్డాడు. వేయించి పొట్టు తీసిన వేరుశనగ గింజలు, ఎండు మిరపకాయలు, చింతపండు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు. మొదటి దెబ్బకు గింజలు సగం రోట్లోంచి ఎగిరి అలమర కిందికి పోయాయి. ఏరడానికి వంగితే నడుం పట్టేసింది. మిరప ఘాటుకు మూడుసార్లు తుమ్మాడు. ముప్పావు గంట పట్టింది. మధ్యలో నా వైపు చూసి 'నువ్వు రాసుకో, ఇది పేదల చట్టం కాదు, దీన్ని అడ్డం పెట్టుకునే వాళ్ళ చట్టం' అన్నాడు. పెద్దమ్మ వచ్చి వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది.)

పెద్దమ్మ: గింజలు గింజలుగానే ఉన్నాయి. కొలత తక్కువ వచ్చింది.

పెద్దనాయన: కొలతేమిటే?

పెద్దమ్మ: ఎంత తవ్వితే అంత కూలి.

(పళ్ళెంలో అర ముద్ద సంకటి పెట్టింది.)

పెద్దనాయన: మిగతా అర ముద్ద?

పెద్దమ్మ: పదిహేను రోజుల్లోగా ముడుతుంది. చట్టం చూసుకో.