నిమ్మ ఉప్పూ బ్లీచింగూ కలపమన్న మహానుభావుడెవరు?

ముందు తలుపుండే (ఫ్రంట్ లోడ్) వాషింగ్ మెషీన్ల మీద తిరుగుతున్న మెసేజ్ ఒకటి నాకు నాలుగోసారి వచ్చింది. మొదట వదిన పంపింది, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆ తర్వాత ఇంటర్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది. నిన్న సింగ్‌నగర్ పిన్ని పంపి, ‘నీది కూడా ఇదే మెషీనేగా, చూసుకో’ అని రాసింది. ‘ఫ్రంట్ లోడ్ కొన్నారా? మోసపోయారు!’ అని పైన ఎర్ర అక్షరాలు, మధ్యలో ఏడు పాయింట్లు, చివర దండం పెట్టే చేతులు. మూడుసార్లు ఊరుకున్నాను. పిన్ని చదివింది చదివినట్టు చేసేసే మనిషి, అందుకే ఇక రాయక తప్పలేదు.

ఒకటోది, నీళ్ల వృథా. డ్రెయిన్ పైపు బాత్రూంలో బక్కెట్లోకి పెట్టి నేనే లెక్క చూశాను. పదిహేను లీటర్ల బక్కెట్లు మూడు నిండాయి, నాలుగోది సగానికి వచ్చింది. పైనుంచి వేసే మెషీన్‌లో బట్టలు మునగాలి. ఇందులో డ్రమ్ము వాటిని ఎత్తి కింద పడేస్తుంది, కాబట్టి తడిస్తే చాలు.

రెండోది, కరెంటు. ఎక్కువ తాగేది మోటారు కాదు, దాదాపు 2 కిలోవాట్ల హీటర్. చన్నీళ్ల సైకిల్ పెడితే అది వెలగదు. అయినా మే నెలలో మా డాబా మీది ట్యాంకు నీళ్లలో ఒకసారి చెయ్యి పెట్టి చూడండి, హీటర్ అవసరమేమిటో అప్పుడు మాట్లాడుకుందాం.

మూడోది, మధ్యలో తలుపు రాదట. రాకపోతే కొంపేం మునగదు, మరిచిపోయిన సాక్సు రేపు వేసుకోండి. ఏడోది వాస్తు. నమస్కారం.

ఐదోది, ‘స్పెషల్ పౌడర్ కంపెనీల దోపిడీ, బక్కెట్ పౌడరే రెండు గుప్పిళ్లు వేయండి.’ మొదటి ఏడాది నేనూ ఇదే తెలివి చూపించాను. అద్దం నిండా నురగ చూసి మురిసిపోయాను కూడా. నురగ ఎక్కువైతే బట్టలు పరుపు మీద పడ్డట్టు పడతాయి, మురికి వదలదు. మిగిలిన సబ్బంతా రబ్బరు మడతల్లో చేరి కంపు కొడుతుంది.

ఇక నాలుగోది. ఈ రాతంతా దీనికోసమే. ‘మెషీన్ వాసన వస్తోందా? రెండు చెంచాల బ్లీచింగ్ పౌడర్, అర కప్పు నిమ్మ ఉప్పు డ్రమ్ములో వేసి 60 డిగ్రీల్లో తిప్పండి. రిజల్ట్ చూసి ఆశ్చర్యపోతారు!’

ఆశ్చర్యపోతారు, నిజమే. కాకపోతే దగ్గుతూ, కళ్లు మండుతూ. నిమ్మ ఉప్పంటే సిట్రిక్ యాసిడ్. బ్లీచింగ్‌కి ఏ పులుపు, అంటే ఏ యాసిడ్ తగిలినా క్లోరిన్ వాయువు వస్తుంది. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలింది దాన్నే. మోతాదులో పోలిక లేదు లెండి, వాయువు మాత్రం అదే. వాళ్లు సిలిండర్లు మోసుకెళ్లారు పాపం, మనకైతే ఒక్క బటన్ చాలట. డ్రమ్ము గాలి చొరని డబ్బా కాదు, పౌడర్ ట్రేలోంచి ఆ ఘాటు బయటికొస్తుంది. మనమేమో మెషీన్ పెట్టే యుటిలిటీ బాల్కనీకి అద్దాలు బిగించి కూర్చున్నాం. గాలి కంటే బరువైన వాయువు కాబట్టి కిందే ఉంటుంది, నేల మీద పాకే పిల్లల ఎత్తులో.

పిన్నీ, నీకు గుర్తులేదా? 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీళ్లు తీశాక మీ వరండాలో బ్లీచింగ్ చల్లి, మరక పోలేదని దానిమీదే బాత్రూం యాసిడ్ పోశావు. చీపురు అక్కడే పడేసి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వీధి మెట్ల మీదికి పరుగెత్తావు. ఆ మెట్ల మీద కూర్చుని దగ్గిన నువ్వే ఈ చిట్కా నాకు పంపిస్తావా?

నిమ్మ ఉప్పుతో నాకు పేచీ లేదు. మా బోరు నీళ్లకి హీటర్ మీద పేరుకునే తెల్లటి గార దానితోనే కరుగుతుంది. ఒక్కదాన్నే వేయండి, అంతే. వాసనకైతే ముందు తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడత వేలితో విప్పి చూడండి. మాదాంట్లో ఒక పిన్నీసు, రెండు రూపాయల బిళ్ల, జుట్టు చుట్టుకున్న నల్లటి జిగురు దొరికాయి. గుడ్డతో తుడిచి, ఉతికాక తలుపు ఓరగా వదిలేస్తున్నాను. కింద మూలన ఉండే ఫిల్టర్ కూడా విప్పి కడగాలి. విప్పేముందు పళ్లెం పెట్టుకోకపోతే ఇల్లంతా నీళ్లు.

ఆరో పాయింటు చదివి మాత్రం పగలబడి నవ్వాను. ‘డ్రయ్యర్ కూడా నీళ్లు తాగుతుంది’ అట. ఆరబెట్టే మెషీన్‌కి నీళ్లెందుకు? మాది ఉతికి ఆరబెట్టే రకమే కదా అని ముసురు పట్టిన రోజు మళ్లీ డ్రెయిన్ పైపు బక్కెట్లో పెట్టాను. ఆరబెడుతున్నంతసేపూ ఉండుండి నీళ్లు వస్తూనే ఉన్నాయి. బట్టల్లో అంత తడి ఎక్కడిది? మాన్యువల్ తీసి చూస్తే ఉంది: లోపలి ఆవిరిని చల్లబరచడానికి ట్యాప్ నీళ్లే వాడుతుందట. ఫ్రిజ్ లాగా తనే చల్లబరుచుకునే హీట్ పంప్ రకాలకి ఆ అవసరం లేదు, కానీ నాది అది కాదు. ఉతకడానికి మూడున్నర బక్కెట్లు, ఆరబెట్టడానికి మూడు. పైగా ఎనిమిది కిలోలు ఉతికేది ఐదు కిలోలే ఆరబెడుతుందని కొట్టువాడు చెప్పనూ లేదు, నేను అడగనూ లేదు. బెజవాడ ఎండలో నూలు చీర అరగంటలో ఆరే డాబా నెత్తిన పెట్టుకుని!

ఆరోది ఉంచు పిన్నీ. నాలుగోది తీసేసి, ఎవరెవరికి పంపావో వాళ్లందరికీ మళ్లీ పంపు.